పెరటి కింద కోట

పలుగు దెబ్బకు గోడ కదల్లేదు. రెండో దెబ్బకు ఇటుక అంచు కాస్త రాలింది గానీ సున్నం పట్టు వదల్లేదు. కింద అగడ్తలో నాచు పట్టిన నీళ్లు. గట్టు మీద నిలబడ్డ ఇంటాయన పైపంచె కొసతో ముక్కు మూసుకున్నాడు.

"మెల్లగా కానీ మేస్త్రీ. రాయి పగలకుండా తీయి. నా పునాదికి పనికొస్తాది."

"రాళ్లన్నీ పునాదికి పోతే అగడ్తలో ఏమి ఏసేదయ్యా? అది పూడిస్తేనే గదా స్థలం మీదయ్యేది?"

"ముక్కలు అగడ్తకు. నిఖార్సైన రాయి నాకు."

ఈ ఇద్దరినీ నేనే కల్పించాను. వాళ్లు నిలబడిన చోటు మాత్రం కల్పన కాదు. అది మధురై. 1840కి కాస్త అటూ ఇటూ. జిల్లా కలెక్టరు జాన్ బ్లాక్‌బర్న్. 1834 నుంచి 1847 దాకా ఆ కుర్చీలో ఉన్నాడు. కోట లోపల ఊరు ఇరుకైపోయింది, అగడ్త మురిగి రోగాలకు నెలవైంది. పాళెగాళ్ల యుద్ధాలు 1801తో ముగిశాక ఆ గోడ ఎవరినీ ఆపవలసిన పని లేకుండా పోయింది. పడగొట్టించాలంటే ఖజానాలో డబ్బు కావాలి. బ్లాక్‌బర్న్ తెలివిగల మనిషి. గోడ కూల్చి, అగడ్త పూడ్చి, నేల చదును చేసుకున్నవాళ్లకు అక్కడే ఇళ్ల స్థలాలు ఇస్తామన్నాడు. ఖర్చు జనానిది, చాకిరీ జనానిది, స్థలమూ జనానిదే. రాజులు శత్రువుల కోసం కట్టిన గోడను సంసారులు వంటిళ్ల కోసం విప్పేశారు.

ఈ రోజు మధురై జంక్షన్‌లో రైలు దిగి మీనాక్షి గుడి వైపు నడిచేవాళ్లు వెలి వీధి దాటుతారు. పెరుమాళ్ మేస్త్రి వీధి, మారెట్ వీధి అన్న బోర్డులూ చూస్తారు. మారెట్ ఆ స్థలాల కొలతల పని చూసిన దొర. పెరుమాళ్ ఆయన కింద పని నడిపించిన మేస్త్రి. కోట కట్టిన రాజు పేరుకన్నా దాన్ని విప్పించిన మేస్త్రి పేరు ఇవాళ మధురై చిరునామాల మీద ఎక్కువ కనిపిస్తుంది. నాకిది అన్యాయంగా తోచదు. కట్టినవాడికి కవులుంటారు, విప్పినవాడికి వీధైనా ఉండాలి కదా. ఆ వీధుల్లో పెరడు ఉన్న పాత ఇల్లు ఏదైనా మిగిలి ఉంటే, దాని మందార మొక్క వేళ్లు తడుముతున్నది మామూలు మట్టి కాకపోవచ్చు. అది నాయకరాజుల బురుజు తాలూకు పెళ్లలు కావడానికే అవకాశం ఎక్కువ.

ఆ బురుజులు డెబ్బై రెండని చెబుతారు. కట్టించినవాడు విశ్వనాథ నాయకుడు. విజయనగరం పంపగా వచ్చి 1529లో మధురైలో పాలన మొదలుపెట్టాడు. పాండ్యుల నాటి పాత కోటను తీసేసి దానికన్నా వెడల్పుగా రెండు చుట్ల గోడలు లేపాడు. దళవాయి అరియనాథ మొదలియారుతో కలిసి నేలనంతా డెబ్బై రెండు పాళెములుగా పంచి, ఒక్కో పాళెగాడికి ఒక్కో బురుజు కాపలా అప్పగించాడు. అంటే పడగొట్టడంలో కూడా బ్లాక్‌బర్న్ మొదటివాడేం కాదు. విశ్వనాథుడు పాండ్యుల గోడను మింగాడు, బ్లాక్‌బర్న్ విశ్వనాథుడి గోడను మింగాడు. పాండ్యుల కోటకు మిగిలిన గుర్తు గుడికి తూర్పున విట్టవాసల్ అనే రాతి ద్వారం. దాని కిందుగా ఇవాళ ఆటోలు పోతున్నాయి. నాయకుల కోటకు మిగిలినది పెరియార్ బస్టాండు దగ్గర ఒక బురుజు ముక్క. బస్సు కోసం పరుగెత్తేవాళ్లలో దాని వైపు తల తిప్పేవాణ్ణి నేను చూడలేదు.

విశ్వనాథుడితో, ఆ తర్వాతి తరాలతో దక్షిణాదికి దిగిన తెలుగువాళ్లు సైనికులు, రైతులు, వర్తకులు, మట్టిపని చేసే ఒడ్డెలు. తమిళులు వాళ్లందరినీ కలిపి వడుగులు అన్నారు. ఇప్పటికీ ఆ ఇళ్లలో తెలుగు వినిపిస్తుంది. చదవడం రాయడం తమిళంలో, అమ్మతో పోట్లాట తెలుగులో. లిపి పోయినా వంట పేర్లు, తిట్లు, లాలిపాటలు నిలబడ్డాయి. రాతికట్టడాలకన్నా అవే గట్టివేమో.

ఒడ్డెల సంగతి వచ్చింది కాబట్టి 1645 నాటి ఇంకో గోతి దగ్గరకు పోదాం.

ఊరికి తూర్పున వండియూరు వైపు తిరుమల నాయకుడి ఇటుకల కోసం మట్టి తవ్వుతున్నారు. ఆయన 1623 నుంచి 1659 దాకా ఏలాడు. రాజధానిని తిరుచిరాపల్లి నుంచి మళ్లీ మధురైకి తెచ్చాడు. ఆయన మహల్ 1636 నాటికి లేచిందంటారు గానీ అంతఃపురాలు, నాటకశాలలు, మండపాలు అంటూ ఆయనకు ఇటుకల అవసరం ఏనాడూ తీరలేదు. తట్టలు మోసే ఆడవాళ్లు వరుసగా గట్టెక్కుతున్నారు. గోతి అడుగున ఎవరి గడ్డపారకో ఖణేల్ మని రాయి తగిలింది.

"బండరా?"

"బండైతే గరుగ్గా ఉంటాది నాయనా. ఇది నున్నగా ఉంది."

చేతులతో మట్టి తోశారు. ముందు గుండ్రటి బొజ్జ బయటపడింది, తర్వాత తొండం. పని ఆగిపోయింది. తవ్వేవాడు పలుగు పక్కన పెట్టి చెంపలు వేసుకున్నాడు.

మాటలు నావి, కథ మధురైది. ఆ గోతిలో దొరికిన వినాయకుణ్ణే మీనాక్షి గుడిలో ప్రతిష్ఠించారని, మీనాక్షి సన్నిధి నుంచి సుందరేశ్వరుడి సన్నిధికి పోయే దారిలో కూర్చున్న ముక్కురుణి పిళ్లయారు ఆయనేనని ఊరంతా చెబుతుంది. వినాయక చవితికి పాత కొలతలో మూడు కురుణుల బియ్యప్పిండితో ఒకే ఒక్క ఉండ్రాయి చేసి ఆయన ముందు పెడతారు. మట్టి తీసిన గొయ్యిని తిరుమల నాయకుడు అలా వదలకుండా చుట్టూ రాతిమెట్లు కట్టించాడు, నడుమ మండపం లేపాడు, తెప్పకుళం చేశాడు. పక్కా ఇంజనీరు బుద్ధి అది. తాను పుట్టిన పుష్యమీ నక్షత్రం నాడు తెప్పోత్సవం పెట్టాడు. ఇవాళ్టికీ జరుగుతుంది. ఇటుకలన్నీ మహల్‌కు పోయాయి, ఆ మహల్లో ముప్పాతిక పోయింది, గొయ్యి మాత్రం నిండు కుటుంబంలా ఏటేటా పండగ చేసుకుంటోంది.

మహల్ ఎలా పోయిందన్నది ఈ గాథలో నాకు మింగుడుపడని భాగం. సుల్తాన్లు పడగొట్టారని, తెల్లవాళ్లు దోచారని అనుకోవడం మనకు అలవాటు. తిరుమల నాయకుడు పోయిన 1659లోనే మనుమడు చొక్కనాథ నాయకుడు గద్దెనెక్కాడు. కొన్నేళ్లకే రాజధానిని తిరిగి తిరుచిరాపల్లికి మార్చాడు. అక్కడ తనకొక మహల్ కావాలనిపించింది. కొత్త రాయి చెక్కించడం ఎందుకు, తాతగారి ఇల్లుంది కదా. స్తంభాలు దించారు, దూలాలు ఊడదీశారు, చెక్కడాలు, బండలు బండ్లకెక్కాయి. కావేరి ఒడ్డున ఒక దర్బారు హాలు లేచింది. దాన్నిప్పుడు రాణి మంగమ్మ మహల్ అంటున్నారు, అందులో ప్రభుత్వ మ్యూజియం ఉంది. మధురైలో విప్పినంతా తిరుచ్చిలో నిలబడిందా అంటే, ఆ హాలును చూసినవాళ్లెవరూ అవునని అనరు. మండపం విప్పడం సులువు. సున్నంలో బెల్లం, కరక్కాయ కలిపి గచ్చు చేసి, కోడిగుడ్డు సొనతో పైపూత మెరుగు పెట్టిన కమాను మాత్రం విప్పితే పిండైపోతుంది, ఎత్తుకుపోవడానికి చేతికి రాదు. మధురై మహల్లో మిగిలిన కొలువుకూటం, స్వర్గవిలాసం, బతికి బయటపడటానికి అదొక కారణమని నా నమ్మకం. రాతి మహల్ అయ్యుంటే అదీ బండెక్కేది.

అన్నట్టు మహల్ నుంచి గుడికి సొరంగం ఉందని, తిరుమల నాయకుణ్ణి అందులోకి పంపి పైన బండ మూసేశారని ఒక కథ చెబుతారు. మధురైలో ఏ ఇంటి పెరట్లో చిన్న గుంట పడినా ఆ సొరంగమే అంటారు. ఇన్ని సొరంగాలుంటే ఊరు ఎప్పుడో కూలిపోయేది. పాత పట్నంలో నేల కుంగిందంటే పూడ్చిన బావో, ధాన్యం పాతరో, మురుగు కాలవో అయ్యే అవకాశమే ఎక్కువ.

1792లో థామస్ డానియల్, ఆయన అన్నకొడుకు విలియం మధురై వచ్చారు. బొమ్మలు గీసుకుంటూ దేశమంతా తిరుగుతున్న ఇంగ్లిషు చిత్రకారులు వాళ్లు. మహల్ శిథిలాలను గీశారు, 1798లో ఆ బొమ్మ అచ్చయింది. ఊహించుకోండి. కప్పు పోయిన చావడి, కమాను మీద మొలిచిన రావి మొక్కలు, కాగితం మీద వంగిన ఇద్దరు దొరలు, వాళ్లను చూడటానికి మూగిన పిల్లలు. ఆ పిల్లల్లో కొందరి ఇళ్లు ఆ మహల్ నేల మీదే లేచి ఉంటాయి. 1858లో లినేయస్ ట్రైప్ అనే సైనికాధికారి పెద్ద కెమెరా మోసుకొచ్చి మధురై కట్టడాలను ఫొటోలు తీశాడు. ఫొటోలో గోడ బీటలు కూడా దాగవు. ఆ చిత్రాలు చూస్తే ఇంకో ముప్పై నలభై వానలకు అక్కడ ఏమీ మిగిలేది కాదనిపిస్తుంది.

కాపాడినవాడు మద్రాసు గవర్నరు నేపియర్ ప్రభువు. 1866 నుంచి 1872 దాకా గవర్నరుగా ఉన్నాడు. వాస్తుశిల్పి రాబర్ట్ చిషోమ్‌కు బాగుచేత పని అప్పగించాడు. అయితే కళ మీద ప్రేమ అని చెబితే ఏ ప్రభుత్వం డబ్బిస్తుంది? కోర్టులకు చోటు కావాలన్నది గట్టి కారణం. నాయకుడి కొలువుకూటం జిల్లా కోర్టయింది. 1970 దాకా అక్కడ నల్లకోట్లు తిరిగాయి. పొలం గట్టు తగాదాలు, మనోవర్తి దావాలు, హత్య కేసులు అన్నీ ఆ కమానుల కిందే నడిచాయి. వకీళ్లు అక్కడ ఉమ్మి ఉంటారు, గుమాస్తాలు మేకులు కొట్టి ఉంటారు. ఐనా కోర్టే లేకపోతే స్వర్గవిలాసం మనకు డానియల్ బొమ్మలో తప్ప ఇంకెక్కడా కనబడేది కాదు. పురాతన కట్టడాన్ని వాడకుండా తాళం వేసి కాపాడాలనే పెద్దమనుషులతో నాకు ఇక్కడే పేచీ. మధురైలో నాకు కనిపించినంతలో, ఎవరికీ పనికిరానిదే ముందు పోయింది. కోటగోడ పనికిరాలేదు, పోయింది. మహల్లోని రంగవిలాసం రాజు లేక పాడుబడింది, పోయింది.

పూర్తిగా పోలేదు నిజానికి. విళక్కుత్తూణ్ దగ్గర దిగండి. అక్కడున్న దీపస్తంభం బ్లాక్‌బర్న్ పేరిట ఊరివాళ్లు నిలబెట్టింది. అక్కణ్ణించి మహల్ వైపు తిరిగితే బట్టల దుకాణాల సందులు. చీరల మూటలు, లుంగీల కట్టలు, బేరాలు. ఆ ఇరుకులో ఉన్నట్టుండి మోకాటి దగ్గర ఒక రాయి తగులుతుంది. తలెత్తితే అది ఆగకుండా పైకి పోతుంది, మూడంతస్తుల మేడలను దాటి. నలభై అడుగుల ఎత్తు. అలాంటివి పది. పేరు కూడా అదే, పత్తుత్తూణ్ సందు. పైన కప్పు లేదు, దూలం లేదు, ఏమీ మోయడం లేదు. ఏనుగుల్ని కట్టిన శాల ఇదేనని కొందరంటారు, పోయిన రంగవిలాసానివని ఇంకొందరు. చుట్టూ ఇళ్లు, గిడ్డంగులు ఆ రాళ్లను ఒరుసుకుంటూ లేచాయి. కరెంటు తీగలు వాటి మీదుగానే పోతున్నాయి. ఇంత నేల ధర పలికే వీధిలో ఆ పది స్తంభాలు ఎలా మిగిలాయంటే, ఒక్కటే జవాబు తోస్తుంది. వాటిని పడేయడానికి చుట్టూ చోటు లేదు. ఒక్క స్తంభం ఒరిగినా నాలుగు దుకాణాల మీద పడుతుంది. పొరుగువాళ్ల భయమే వాటికి కాపలా.

మహల్ ఇప్పుడున్నదానికి నాలుగింతలు ఉండేదంటారు. అంటే చుట్టూ ఉన్న మహల్ వీధులు, నవబత్‌ఖానా వీధి అన్నీ ఒకప్పటి ప్రాంగణంలోవే. నగారాలు మోగిన చోటు పేరు నగారాలు పోయినా పోలేదు. అక్కడ ఎక్కువగా ఉన్నది సౌరాష్ట్ర పట్టునేతగాళ్లు. నాయకరాజులే తమను పట్టుబట్టల కోసం పిలిపించుకున్నారని వాళ్ల నమ్మకం. వాళ్లు ఇంట్లో మాట్లాడే భాష తెలుగు కాదు, కానీ అందులో తెలుగు మాటలు బోలెడు. రాజు ఇల్లు పోయింది, రాజుకు బట్ట నేసినవాళ్ల ఇళ్లు ఆ నేల మీదే నిలిచాయి. గుడి తూర్పు గోపురం ఎదుట పుదుమండపానిదీ ఇదే వరస. తిరుమల నాయకుడు, ఆయన ముందటి రాజులు నిలువెత్తు రాతి బొమ్మలుగా నిలబడ్డ ఆ మండపంలో తరాలుగా దర్జీలు మిషన్లు తొక్కారు. రాణీగారి రాతి నడుము పక్కన జాకెట్టు కొలతలు తీసుకున్నారు. ఈమధ్యే దుకాణాలను వేరేచోటికి తరలించారు. మండపం శుభ్రపడింది. సందడి పోయింది. ఏది మేలో నేను తేల్చుకోలేను.

వైగై నదికి ఉత్తరాన ఉన్న ఇంటి కథ వీటన్నిటికన్నా నాకు ఇష్టం. రాణి మంగమ్మ పసివాడైన మనుమడి తరఫున 1689 నుంచి 1706 దాకా ఏలింది. తోట నడుమ ఎత్తయిన అరుగు మీద ఆమెది తముక్కం అనే విడిది. ఏనుగుల పోట్లాటలు, పందేలు అక్కణ్ణించి చూసేవారట. నాయకులు పోయాక కంపెనీ దొరలకు ఆ తోట నచ్చింది. కలెక్టర్ల నివాసమైంది. దొరలు తమకు అలవాటైనట్టు వరండాలు, గదులు తగిలించుకుంటూ పోయారు. బయటి నుంచి చూస్తే తెల్ల బంగళా. లోపలికి పోతే నడిమి కప్పు మాత్రం బంగళాది కాదు, నాయకుల నాటి సున్నపు గుమ్మటం. దొరసాని టీ తాగిన హాలు నెత్తి మీద తెలుగు రాణి కట్టించిన కప్పు.

1812 నుంచి 1828 దాకా కలెక్టరుగా ఉన్న రౌస్ పీటర్‌ను ఊరు పీటర్ పాండ్యన్ అని పిలిచింది. ఒక తుఫాను రాత్రి చిన్నపిల్ల ఒకతె వచ్చి చెయ్యి పట్టుకుని ఆయన్ను ఇంట్లోంచి బయటికి లాక్కుపోయిందని, మరుక్షణం పిడుగు ఆ ఇంటి మీద పడిందని, వెనక్కి తిరిగి చూస్తే కాళ్లకు చెప్పులు లేని ఆ పిల్ల గుడి వైపు పరుగెత్తి మాయమైందని కథ. వచ్చింది మీనాక్షేనని నమ్మి, అమ్మవారి పాదాలకు రత్నాలు పొదిగిన బంగారు తొడుగులు చేయించాడు. అవి ఇప్పటికీ గుడి నగల్లో ఉన్నాయి. కథను నమ్మకపోయినా ఫరవాలేదు, నగను నమ్మక తప్పదు.

1955లో ఆ బంగళాను, చుట్టూ పదమూడెకరాల తోటను రాష్ట్ర ప్రభుత్వం గాంధీ స్మారక నిధికి ఇచ్చింది. 1959 ఏప్రిల్ 15న నెహ్రూ వచ్చి గాంధీ మ్యూజియం తెరిచాడు. హత్య నాడు గాంధీ ఒంటి మీదున్న నెత్తుటి మరకల బట్ట అక్కడే ఉంది. ఆ బట్ట మధురైకి చేరడంలో ఒక న్యాయం కనిపిస్తుంది. 1921 సెప్టెంబరు 22న, ఇదే ఊళ్లో పడమటి మాసి వీధిలోని ఒక ఇంట్లో దిగి, గాంధీ చొక్కా, టోపీ వదిలేసి కొల్లాయి గుడ్డ కట్టాడు. ఏనుగుల పోట్లాట చూడటానికి కట్టుకున్న ఇంట్లో అహింసకు మ్యూజియం. మంగమ్మకు అభ్యంతరం ఉండేదని నేననుకోను. ఆవిడ దారుల పక్కన చెట్లు నాటించి, సత్రాలు కట్టించిన మనిషి. రైల్వే స్టేషన్ ఎదుట మంగమ్మాళ్ సత్రం ఈనాటికీ ఉంది. గుడిలోని ఊంజల్ మండపం కప్పు మీద మీనాక్షి చేతుల మీదుగా రాజదండం అందుకుంటున్న మంగమ్మ చిత్రం ఉంది. ఆ చిత్రాల పక్కన రాతలు తమిళంలోనూ ఉన్నాయి, తెలుగులోనూ ఉన్నాయి. మధురై వెళ్లే మనవాళ్లు మెడ నొప్పెట్టినా ఒక్కసారి పైకి చూడాలి.

మధురై లాగే తెలుగువాళ్లు దిగిన మరో ఊరు కోయంబత్తూరు. అక్కడ చూడటానికి ఇలాంటి మహళ్లు లేవు. ఒక కోట ఉండేది. 1791లో టిప్పు సేనలకూ కంపెనీకీ నడుమ చేతులు మారి ఆ పోరు ముగిశాక నేలమట్టమైంది. కోట్టైమేడు అన్న పేట పేరు, ఆ పేటలో ఈశ్వరుడి గుడి దానికి గుర్తులు. తెలుగువాళ్లు అక్కడికి రాజులుగా కాకుండా రైతులుగా వచ్చారు. విజయనగరం నాడు, అది పడిపోయాక దిగివచ్చిన కమ్మవారు సింగానల్లూరు, పీళమేడు, ఉప్పిలిపాళయం చుట్టూ నల్లరేగడి పట్టుకుని పత్తి వేశారు. ఊరి పడమటి అంచున తెలుంగుపాళయం అనే పేటే ఉంది. వాన తక్కువ నేల. వాళ్లు కట్టిన కోటలన్నీ కిందికే పోయాయి. అవే బావులు. రాతిని తొలిచి, చతురస్రంగా, ఒక చిన్న ఇల్లు పట్టేంత వెడల్పుగా, అరవై డెబ్బై అడుగుల లోతున తవ్విన కపిల బావులు. ఎద్దులు దిగి ఎక్కే ఏటవాలు బాట, గిరక మోసే జంట రాతి కంబాలు, బాన నీళ్లు గుమ్మరించే తొట్టి.

1888లో మొదటి మిల్లు, 1910లో కుప్పుస్వామి నాయుడి లక్ష్మీ మిల్స్, 1930ల మొదట్లో పైకారా జలవిద్యుత్ కేంద్రం కరెంటు, 1937లో జి.డి. నాయుడు, బాలసుందరం నాయుడు చేసిన ఎలక్ట్రిక్ మోటారు. కోయంబత్తూరు దేశానికంతా పంపులమ్మే ఊరు కావడానికి ఆ లోతు బావులే కారణం. ఆ పంపులే బావుల కొంప కూడా ముంచాయి. మోటారు తోడే వేగానికి ఊట నిలవలేదు. బోరు లోతు వెయ్యి అడుగులు దాటింది. శిరువాణి నది నీళ్ల కుళాయి వచ్చింది. పొలాలు కాలనీలయ్యాయి. ఎండిన బావిలో పాత ఇంటి పెళ్లలు పోసి, పైన మట్టి కప్పి, కొబ్బరి మొక్క పెట్టారు. బ్లాక్‌బర్న్ అగడ్తకు చేసిందే పీళమేడు ఇంటింటా చేసుకుంది, ఏ కలెక్టరూ చెప్పకుండానే.

ఇలాంటి పెరట్లో పూడిన బావిని పసిగట్టడం కష్టమేం కాదు. వానాకాలంలో అక్కడ నేల కుంగుతుంది. చుట్టూ గడ్డి ఎండినా అక్కడ పచ్చగా ఉంటుంది. గాట్లు పడిన రాతి కంబం ఒకటి బట్టలారేసే తీగ మోస్తూ ఎక్కడో మూల నిలబడి ఉంటుంది. బట్టలుతికే బండను తిరగేస్తే తొట్టి అంచు బయటపడినా పడుతుంది. తవ్వేటప్పుడు లెక్క తలకిందులు, మీదున్నదే కొత్తది. ముందు ప్లాస్టిక్, తర్వాత సిమెంటు పెళ్లలు, ఆ కింద మంగుళూరు పెంకులు, ఇంకా కింద కుండ పెంకులు, తుప్పు పట్టిన గిరక. ఊరి పక్కనే వెల్లలూరులో 1842లో ఒక్క కుండలో ఐదు వందలకు పైగా రోమన్ వెండి నాణేలు దొరికాయి. కాబట్టి పలుగు దింపేవాడికి ఆశ పుట్టడం సహజం. ఆశపడేవాళ్లకు ఒక మాట. 1878 నాటి నిధుల చట్టం ఇంకా అమల్లోనే ఉంది. భూమిలో దాగి ఉన్నది పది రూపాయల విలువ దాటితే కలెక్టరుకు చెప్పాలి. ఆ పది రూపాయలను ఇంతవరకు ఎవరూ పెంచలేదు.

ఐతే ఇటీవల బావులు తెరిచేవాళ్లు నాణేల కోసం తెరవడం లేదు. 2003లో తమిళనాడు ప్రభుత్వం ప్రతి ఇంటికీ వాననీటి సేకరణ తప్పనిసరి చేసింది. కొత్తగా ఇంకుడు గుంత తవ్వించేకన్నా ఉన్న పాత బావిలోకే మేడ మీది నీళ్లు వదిలితే చాలని ఇంజనీర్లు చెప్పారు. తాత పూడ్చిన బావికి మనవరాలి కాలంలో పని పడింది. ఆ సంభాషణ చాలా ఇళ్లలో దాదాపు ఇలాగే నడిచి ఉంటుంది.

"నాయనా, కొబ్బరి చెట్టు పక్కనే గదా తాత బావి ఉండింది?"

"పక్కనే కాదు అమ్మణ్ణీ, చెట్టే దానిలో ఉంది."

"మరి పూడిక తీయిస్తే?"

"డెబ్బై అడుగులు. మనుషుల్ని దింపాలి, క్రేను తేవాలి. ఏమడుగుతా ఉన్నారో తెలుసా?"

"ఎంత?"

నాయన అంకె చెప్పాడు. వంటింట్లోంచి అమ్మ బయటికొచ్చింది. "అంత పోసి తీయించాల్సిన దాన్ని మీ నాయన ఎందుకు పూడ్పించినాడో అడగండి ముందు."

పైకప్పు నుంచి గొట్టం మాత్రం వేయించారు. పూడిక పైనుంచి పదిహేను అడుగుల దాకా తీయించి, కంకర పోయించి ఆపారు. మిగతాది వచ్చే ఏడు చూద్దామన్నారు.